రాత్రికి బండి ఎక్కడ ఆపుదాం? కూచిపూడి దారిలో మజిలీ లెక్కలు

గోల్కొండ నవాబు తానీషా మచిలీపట్నం వైపు వెళుతూ కూచిపూడిలో ఓ రాత్రి మకాం వేశాడట. ఆ రాత్రి భాగవతులు ఆడిన ఆట చూసి ముచ్చటపడి ఊరినే వాళ్ళకు అగ్రహారంగా రాసిచ్చాడని చెప్పుకుంటారు. 1678 అని సంవత్సరం కూడా చెబుతారు. నవాబు వెంట గుర్రాలు, గుడారాలు, వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు ఉండే ఉంటారు. ఇవాళ హైదరాబాదులో కారవాన్ అద్దెకు తీసుకుని పిల్లలతో కూచిపూడి చూడ్డానికి బయల్దేరే కుటుంబానికి గుర్రాల బెంగ లేదు. మిగతావి అలాగే ఉన్నాయి. చీకటి పడితే ఎక్కడ ఆగాలి, నీళ్ళెక్కడ పట్టుకోవాలి, వాడిన నీళ్ళెక్కడ వదలాలి. వీటికి తోడు తానీషాకు లేని నాలుగో బెంగ ఒకటి, కరెంటు.

కారవాన్ అంటే మంచాలు, పొయ్యి, చిన్న బాత్‌రూము అమర్చిన వ్యాను. ఈ మాట ఎత్తగానే మనవాళ్ళు ముందు అడిగేది బండి ఎంతైంది, కిలోమీటరుకి ఎంత తీసుకుంటారు అని. నన్నడిగితే ఆ రెండూ తర్వాతి మాటలు. పగలు బండి నడపడం ఎవరైనా నడుపుతారు. ఈ ప్రయాణం సుఖంగా సాగిందా లేదా అన్నది రాత్రి 8 నుంచి తెల్లారి 7 దాకా తేలుతుంది. ఆ పదకొండు గంటలకు కావలసిన లీటర్లు, యూనిట్లు, అనుమతి గురించే ఈ కథనం.

దూరంతో మొదలుపెడదాం. హైదరాబాదు నుంచి 65వ నంబరు జాతీయ రహదారి మీద విజయవాడ దాదాపు 270 కిలోమీటర్లు. పుణెలో మొదలైన ఆ రోడ్డే విజయవాడ దాటి మచిలీపట్నం దాకా పోతుంది. మధ్యలో పామర్రు దగ్గర దిగి చల్లపల్లి వైపు తిరిగితే కాసేపట్లో కూచిపూడి. మొత్తం సుమారు 320 కిలోమీటర్లు. కారులో ఆరు గంటల లోపు లాగించేస్తాం. కారవాన్ ఎత్తుగా, బరువుగా ఉంటుంది, సరాసరి 50 కిలోమీటర్ల వేగం పట్టుకుంటే ఆరున్నర గంటలు. మన మోటారు రవాణా కార్మికుల చట్టం, 1961, జీతానికి నడిపే డ్రైవరు అయిదు గంటలకు మించి ఏకబిగిన పనిచేయకూడదని, మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి ఉండాలని చెబుతుంది. యూరప్‌లో లారీ డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆగి తీరాలి. సొంతంగా నడుపుకునే మనకు ఇలాంటి చట్టమేదీ వర్తించదు. అయితే 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన ప్రాణాలు 1,68,491. ఆ అంకె చూశాక చట్టం లేదు కదా అని రాత్రి పదింటికి స్టీరింగు పట్టుకోబుద్ధి కాదు. సాయంత్రం అయిదింటికి హైదరాబాదు దాటినవాళ్ళకు ఎనిమిదింటికి సూర్యాపేట వస్తుంది. విజయవాడకు సగం దారి అదే. ఆగాల్సింది అక్కడో, ఇంకాస్త ముందుకొచ్చి నందిగామ చుట్టుపక్కలో.

వాళ్ళు ఎలా ఆగుతారు

ఈ ఆగే పద్ధతిని బాగా నేర్చినవాళ్ళు యూరప్‌వాళ్ళు. జర్మనీలోనో హాలండ్‌లోనో ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగు పిల్లలు వేసవి సెలవులకు మోటార్‌హోమ్ అద్దెకు తీసుకుని ఫ్రాన్స్, స్పెయిన్ చుట్టి రావడం ఇప్పుడు కొత్తేం కాదు. వాళ్ళకు అక్కడ దొరికేది, మనకు ఇక్కడ దొరకనిది ఏమిటో చూస్తే సగం లెక్క అర్థమవుతుంది.

ఫ్రాన్స్‌లో చిన్నచిన్న పంచాయతీలు కూడా ఊరి చివర మోటార్‌హోమ్‌ల కోసం ఓ స్థలం కేటాయిస్తాయి. అక్కడ నడుమెత్తు ఇనుప డబ్బా ఒకటి నిలబెట్టి ఉంటుంది. ఒక పక్క మంచినీళ్ళ కుళాయి, ఇంకో పక్క ప్లగ్గు, కింద వాడిన నీళ్ళు వదిలే జాలీ, వెనక టాయిలెట్ డబ్బా ఒంపే తూము. రెండు నుంచి అయిదు యూరోల బిళ్ళ వేస్తే 100 లీటర్ల దాకా నీళ్ళు, లేదా గంటసేపు కరెంటు. రాత్రికి నిలిపినందుకు కొన్ని ఊళ్ళలో ఏమీ తీసుకోరు. చాలాచోట్ల 5 నుంచి 15 యూరోలు. ఇది కాక 1993 నుంచి నడుస్తున్న ఫ్రాన్స్ పాషన్ అనే పథకం ఉంది. ద్రాక్షతోటల రైతులు, జున్ను చేసేవాళ్ళు తమ పెరట్లో 24 గంటలు ఉచితంగా ఆగనిస్తారు. ఏడాదికి ఓసారి సభ్యత్వం కట్టి ఆ స్టిక్కరు అద్దానికి అంటించుకుంటే చాలు. సరుకు కొనాలని నియమం లేదు. కొనకుండా వచ్చేసేవాళ్ళు తక్కువ.

దేశానికో నియమం. జర్మనీలో మామూలు పార్కింగులో, వద్దని బోర్డు లేకపోతే, అలసట తీర్చుకోవడానికి ఒక రాత్రి పడుకోవచ్చు. పోర్చుగల్‌లో 2021 సవరణ తర్వాత రక్షిత ప్రాంతాలకు, సముద్రతీర మండలాలకు బయట ఒకే మునిసిపాలిటీలో 48 గంటల దాకా ఆగవచ్చు. స్పెయిన్‌వాళ్ళు గీసిన గీత నాకు బాగా నచ్చింది. నేలకు టైర్లు తప్ప ఇంకేదీ తగలకపోతే అది పార్కింగు. గుడారం గుడ్డ బయటికి లాగి, కుర్చీ వేసి, పొయ్యి వెలిగిస్తే అది క్యాంపింగు. మొదటిదానికి పేచీ లేదు, రెండోది కేటాయించిన చోటే చేయాలి. పోలీసు లోపలికి తొంగిచూడాల్సిన పని కూడా లేదు, బయటినుంచే తేలిపోతుంది.

యూరప్ లెక్కల్లో ఇంకొకటి బరువు. మామూలు కారు లైసెన్సుతో అక్కడ ఇన్నాళ్ళూ 3,500 కిలోల దాకానే నడపనిచ్చారు. బండి, మనుషులు, సామాను, నీళ్ళు అన్నీ కలిపి అంతే. 100 లీటర్ల నీళ్ళంటే 100 కిలోలు కాబట్టి, ట్యాంకు నింపుకుని బయల్దేరితే బియ్యం బస్తా దించాల్సి రావచ్చు. అందుకే వాళ్ళు దారిలో నీళ్ళు దొరికే చోటు చూసుకుని సగం ట్యాంకుతో పోతారు. మన దగ్గర ఆ ఇబ్బంది లేదు. తేలికపాటి మోటారు వాహనం లైసెన్సు 7,500 కిలోల దాకా చెల్లుతుంది. రవాణా బండ్లకూ అదే వర్తిస్తుందని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది కూడా.

మన చట్టంలో గుర్తుపెట్టుకోవాల్సిన అంకెలు ఇంకో రెండున్నాయి. మోటారు వాహనాల చట్టం 127వ సెక్షను ప్రకారం బహిరంగ స్థలంలో బండిని 10 గంటలు, ఆపైన గాలికొదిలేసి పోతే పోలీసు దాన్ని లాగించేయవచ్చు. లోపల మనుషులు పడుకుని ఉంటే గాలికొదిలేసినట్టు కాదు. అయినా నో పార్కింగు చోట ఈ వాదన పనిచేయదు. రెండోది, పాత వ్యానును సొంతంగా మంచాలు, సిలిండరు పెట్టి కారవాన్‌గా మార్చేద్దామనుకునే హుషారు కుర్రాళ్ళ కోసం. రవాణా అధికారి అనుమతి లేకుండా బండి స్వరూపం మారిస్తే మార్పుకు 5,000 రూపాయల చొప్పున జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూను.

లీటర్లు, యూనిట్లు

మన నగరాలకు మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని ప్రభుత్వ ప్రమాణం. జల్ జీవన్ మిషన్ పల్లెల్లో ఇస్తామన్నది 55. కారవాన్‌లో పొదుపుగా ఉంటే 20 లీటర్లతో రోజు వెళ్ళిపోతుంది. అదెలా సాధ్యమని ఇంట్లో ఆడవాళ్ళు నవ్వుతారు. స్నానానికి 10, వంటకు, అంట్లకు 6, తాగడానికి 3, చేతులు కడుక్కోవడానికి మిగిలినది. నలుగురికి 80 లీటర్లు. ఇందులో 65, 70 లీటర్లు మురికినీళ్ళుగా కింది ట్యాంకులోకి దిగుతాయి. వచ్చే నీళ్ళ గురించి అందరూ ఆలోచిస్తారు, పోయే నీళ్ళ సంగతి ట్యాంకు నిండి సింకులోకి ఎదురు తన్నినప్పుడు గుర్తొస్తుంది.

అసలు చిక్కు టాయిలెట్ డబ్బా. ఈ క్యాసెట్ డబ్బాలు 18 నుంచి 20 లీటర్లు పడతాయి, చక్రాలుంటాయి, లాక్కెళ్ళి ఒంపుకోవచ్చు. ఇద్దరు మనుషులకు రెండు మూడు రోజులు వస్తుందని తయారీదార్లు చెబుతారు. ఆ లెక్క కాగితం వాడేవాళ్ళది. మనం చెంబు వాడతాం. పొద్దున్నే ఒక్కొక్కరికి ఫ్లష్ ఒక లీటరు, కడుక్కోవడానికి లీటరున్నర, నలుగురికి 10 లీటర్లు. రాత్రి మూత్రానికి ఎనిమిదిసార్లు లేచారనుకుంటే ఒక్కోసారి ముప్పావు లీటరు, 6 లీటర్లు. మొదటి రాత్రి గడిచేసరికి 16. అంటే తెల్లారి బండి కదలక ముందే డబ్బా ఒంపాలి. యూరప్‌లో మూడు రోజులకోసారి వెతుక్కునే తూము మనకు ప్రతి ఉదయం కావాలి. కారవాన్లు అద్దెకిచ్చేవాళ్ళు ఈ ముక్క చెప్పరు.

ఎక్కడ ఒంపాలి? కృష్ణా డెల్టాలో ఈ ప్రశ్నకు తప్పుడు జవాబు ఎటు చూసినా కనిపిస్తూనే ఉంటుంది. అది కాలువ. 1855 నాటికి బెజవాడలో ఆనకట్ట కట్టడం, 1957లో దానికి బదులు ప్రకాశం బ్యారేజీ రావడం, దాని కింద 13 లక్షల ఎకరాల ఆయకట్టు, ఇవన్నీ పాఠాల్లో చదువుకున్నవే. పట్నంనుంచి వచ్చేవాళ్ళకు తట్టనిది ఒకటే. ఈ కాలువ నీళ్ళు పొలాలకే కాదు. సముద్రం వైపు పోయేకొద్దీ బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయి. అందుకే ఊళ్ళు కాలువ కట్టేసేలోపు మంచినీళ్ళ చెరువు నింపుకుని వేసవి గట్టెక్కుతాయి. కాలువగట్టు మీద చెట్టునీడన బండాపి డబ్బా ఒంపడమంటే పక్కింటివాళ్ళ బిందెలో చెయ్యి కడగడమే. మురుగు కాలువలోకైనా సరే, ఒంపవద్దు. ఒంపాల్సింది సెప్టిక్ ట్యాంకుకు కలిసిన టాయిలెట్‌లో, అదీ అడిగి. డబ్బాలో వాసన రాకుండా వేసే ఫార్మాల్డిహైడ్ మందు సెప్టిక్ ట్యాంకులో కుళ్ళబెట్టే సూక్ష్మజీవుల్ని చంపేస్తుంది, ఇల్లుగలాయనకు తర్వాత తెలుస్తుంది మన నిర్వాకం. మందు లేకుండానో, జీవులకు హాని చేయని రకమో వాడుకుంటే సరిపోతుంది. రోజూ ఒంపుకునేవాళ్ళకు మందెందుకు అసలు?

తాగే నీళ్ళకు చింత లేదు. ప్రతి ఊళ్ళోనూ ఆర్వో ప్లాంటు ఉంటుంది, 20 లీటర్ల క్యాను తీసుకుంటే అయిపోయె. ట్యాంకు నీళ్ళు మాత్రం బోరువైతే నాలుక మీద వేసుకుని చూశాకే పట్టండి. ఉప్పునీళ్ళు పంపును, గీజరును త్వరగా తినేస్తాయి.

ఇక కరెంటు. కారవాన్ బొమ్మల్లో కనిపించే స్వేచ్ఛంతా ఇక్కడ కొట్టుకుపోతుంది. యూరప్ మోటార్‌హోమ్‌లో పెద్ద ఖర్చు చలి కాచుకోవడం, దానికి గ్యాసు చాలు. మనకు మే నెలలో పగలు 40 దాటుతుంది, రాత్రి 28కి తగ్గదు, పైగా డెల్టా ఉక్క. ఏసీ లేకుండా ఇనుప డబ్బాలో నలుగురు పడుకోలేరు. ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ రాత్రిపూట సరాసరి గంటకు 0.8 యూనిట్లు తాగుతుందనుకుందాం. 8 గంటలకు 6.4 యూనిట్లు. కారవాన్‌లో ఎక్కువగా పెట్టే 100 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీలో ఉండేది 1.28 యూనిట్లు. గంటన్నర. రాత్రంతా కావాలంటే అలాంటివి అయిదు చాలవు, ఇన్వర్టర్ నష్టం కలిపితే ఆరు. పైన 400 వాట్ల సోలార్ పలకలు బిగిస్తే మంచి ఎండ రోజున ఇచ్చేది రెండు యూనిట్ల లోపు.

అదే డిసెంబరులో వస్తే కథ వేరు. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు, 8 గంటలు, కలిపి అర యూనిటు కూడా కాదు. ఉన్న ఒక్క బ్యాటరీ రెండు రాత్రులు మోస్తుంది. అందుకే నా సలహా ఏ యాప్ ఇచ్చేదానికన్నా సూటిగా ఉంటుంది. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అయితే ఎక్కడైనా ఆగండి, మార్చి తర్వాత ప్లగ్గు ఉన్నచోటే ఆగండి. ప్లగ్గంటే ఫోను ఛార్జింగు పెట్టే చిన్నది కాదు. 6 ఆంపియర్లంటే 1,380 వాట్లు, ఏసీతో పాటు కెటిల్ పెట్టగానే ఫ్యూజు ఎగిరిపోతుంది. 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు అయితే 3,680 వాట్లు, నిశ్చింత. మీటరు నుంచి బండి దాకా 25 మీటర్ల వైరు కావాలి, 2.5 చదరపు మిల్లీమీటర్ల మందం తగ్గకుండా. చుట్ట చుట్టి ఉన్న వైరు మొత్తం విప్పి పరవాలి. చుట్టలో ఉంచి ఏసీ నడిపితే లోపలి పొరలు వేడెక్కి కరుగుతాయి.

ఇంజను ఆన్‌లో పెట్టుకుని ఏసీ వేసుకుంటే? జనరేటరు పెట్టుకుంటే? 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. జనరేటరు నుంచి లోపలికి చేరిన కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీసిందని తేలింది. ఆ వాయువుకు వాసన ఉండదు, నిద్రలో ఉన్నవాళ్ళకు మెలకువ రానివ్వదు. పడుకునేటప్పుడు ఇంజనూ వద్దు, బండికి ఆనించిన జనరేటరూ వద్దు. కార్బన్ మోనాక్సైడ్ పసిగట్టే అలారం ఒకటి మంచం ఎత్తులో తగిలించుకోండి. కారవాన్ సామాన్లలో బేరం ఆడకూడనిది అదొక్కటే.

ఎవరి వాకిట్లో

1830 మే 18న మద్రాసు నుంచి ఏనుగుల వీరాస్వామయ్య కాశీకి బయల్దేరాడు. 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. ఆ పదిహేను నెలల పైబడిన ప్రయాణం మీద ఆయన రాసిన కాశీయాత్ర చరిత్రను సాహిత్యమని, చరిత్ర అని చదువుతారు. నాకు అది మజిలీల పుస్తకం. ఫలానా ఊరు, ఫలానా దూరం, నీళ్ళెలా ఉన్నాయి, అంగళ్ళున్నాయా, సత్రం ఉందా, గుడారం వేసుకునే జాగా ఉందా. పల్లకీల్లో, గుడారాలతో, పెద్ద పరివారంతో నడిచినవాడికి కావలసిన సమాచారమంతా అందులో ఉంది. యూరప్‌లో ఇప్పుడు పార్క్‌ఫర్‌నైట్ లాంటి యాప్‌లు చేసే పని అదే. మన రోడ్ల మీద ఆగే జాగాలు లేక కాదు, అలాంటి జాబితా ఎవరూ ఇంకా కట్టలేదు.

జాగాలు ఎన్ని రకాలో చూడండి. జాతీయ రహదారుల మీద ప్రతి 40, 60 కిలోమీటర్లకూ ఒక విశ్రాంతి కేంద్రం కడుతూ పోవాలన్నది హైవే సంస్థ పెట్టుకున్న లెక్క. పెట్రోలు కంపెనీలు లారీ డ్రైవర్ల కోసం అప్నా ఘర్ పేరిట బంకుల్లో పడక గదులు కట్టాయి. 2025 జులై నాటికి దేశమంతటా 368 చోట్ల 4,611 పడకలు, అంటే చోటుకు పన్నెండుకు కాస్త పైన. పడక, స్నానానికి తొట్టి, సొంతంగా వండుకునే చోటు. ఇవి డ్రైవర్లకు ఉద్దేశించినవి, పర్యాటకులు వాటిలో దూరి వాళ్ళ మంచం లాక్కోకూడదు. కానీ అలాంటి బంకు ప్రాంగణంలో బండి నిలుపుకోవచ్చా అని మేనేజర్ని అడగడంలో తప్పు లేదు. ఒకరాత్రి ఆగేవాడికి పెద్ద బంకుకు మించిన కాపలా ఎక్కడుంది? రాత్రంతా లైట్లు, కెమెరాలు, మనుషులు. డీజిలు అక్కడే పోయించుకోవడం మర్యాద.

సూర్యాపేట దగ్గరి హోటళ్ళు, ధాబాలు తిన్నవాళ్ళను ఆగనిస్తాయి. అక్కడ చోటు ఎంచుకోవడంలో కిటుకుంది. రొయ్యలో చేపలో మోసే చల్లటి పెట్టెల లారీ పక్కన మాత్రం ఆపకండి. దాని కూలింగు యంత్రం తెల్లవార్లూ ఆగి ఆగి మోగుతుంది. లారీలు వెనక్కి తిప్పుకునే దారిలోనూ వద్దు. ప్రహరీకి ఆనించి, ముక్కు రోడ్డు వైపు పెట్టి నిలిపితే ఏ అర్ధరాత్రి కదలాల్సొచ్చినా ఇబ్బంది ఉండదు.

విజయవాడ దాటి డెల్టాలోకి దిగాక మాత్రం నా ఓటు కల్యాణ మండపానికి. కాస్త పెద్ద ఊళ్ళన్నింటిలో ఒకటైనా ఉంటుంది. దాని వాకిలి చూడండి. కార్లు, బస్సులు తిరగడానికి సిమెంటు చేసిన నేల, గేటు, కాపలాదారు, వందల మందికి సరిపడా టాయిలెట్లు, వాటికి తగ్గ సెప్టిక్ ట్యాంకు, ఓవర్‌హెడ్ ట్యాంకు, వంటశాల వెనక అంట్లు తోమే అరుగూ కుళాయీ, మైకుసెట్‌వాళ్ళ కోసం బిగించిన పవర్ ప్లగ్గులు. ఫ్రాన్స్‌లో పంచాయతీ నిలబెట్టే ఇనుప డబ్బా చేసే నాలుగు పనులూ ఇక్కడ వేరువేరుగా అప్పటికే ఉన్నాయి. పైగా ఏడాదిలో చాలా రోజులు ఖాళీ. ఎప్పుడు ఖాళీయో పంచాంగమే చెబుతుంది. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, మూఢంలో ఉండవు. పర్యాటకానికి సీజను చూసుకునేవాళ్ళు ఈ డెల్టాలో వాతావరణ కేంద్రంతో పాటు సిద్ధాంతిగారినీ ఓ మాట అడగాలి.

లెక్క వేస్తే రెండు పక్షాలకూ గిట్టుబాటే. ఏసీతో కలిపి రాత్రికి 7 యూనిట్లు, యూనిటు 10 రూపాయలనుకున్నా 70. ట్యాంకు నింపడానికి 100 లీటర్ల వాడకం నీళ్ళు, లెక్కలోకే రాదు. కాపలాదారుకు 200. టాయిలెట్ కడిగించడానికి ఓ 50. మండపంవాళ్ళకు ఖర్చు 320. వాళ్ళు 600 తీసుకున్నా మిగులే. మనకూ యూరప్ రేటుతో పోలిస్తే చవక. యూరోను గుండుగుత్తగా 100 రూపాయలనుకుంటే, అక్కడ 12 యూరోల చోటు 1,200 అవుతుంది. కల్యాణ మండపాలవాళ్ళెవరూ ఇలా బోర్డు పెట్టలేదు, నిజమే. అడిగినవాళ్ళూ లేరు.

సత్రాల మాట ఎత్తకపోతే ఈ లెక్క పూర్తి కాదు. దారినపోయేవాడికి నీడ, అన్నం పెట్టడం మన నేలకు కొత్త కాదు. క్షేత్రాల్లో ఇప్పటికీ సత్రాలు నడుస్తున్నాయి, శ్రీశైలంలో కరివెన సత్రం లాంటివి ఎందరికో తెలుసు. కానీ సత్రం గదులు బండి లేనివాళ్ళ కోసం. మంచం వెంట తెచ్చుకున్నవాడు గది పట్టుకుని కూర్చోవడం బావుండదు, వాకిలి మాత్రం అడగవచ్చు. మోపిదేవి లాంటి చోట్లకు శని, ఆదివారాల్లో కాకుండా మామూలు రోజుల్లో పోతేనే ఆ వాకిలీ దొరికేది.

కూచిపూడిలో దిగినవాళ్ళకు చుట్టూ 30, 35 కిలోమీటర్ల లోపే కావలసినంత ఉంది. పక్కనే క్షేత్రయ్య పదాలు పుట్టిన మొవ్వ వేణుగోపాలస్వామి గుడి, ఘంటసాల బౌద్ధ స్తూపం, రాయలు ఆముక్తమాల్యదకు సంకల్పం చెప్పుకున్నాడనే శ్రీకాకుళం ఆంధ్రమహావిష్ణువు, అటుపైన మోపిదేవి, మచిలీపట్నం. రెండు రాత్రులు ఒకేచోట మకాం పెట్టి పగళ్ళు తిరగడం మేలు. రోజుకో ఊళ్ళో జాగా వెతకడంలోనే సాయంత్రాలు అయిపోతే, కూచిపూడిలో పిల్లలు అడుగులు వేసే వేళకు మీరు కాలువగట్టు మీద గూగుల్ మ్యాప్ చూస్తూ ఉంటారు.

ఆగకూడని చోట్లు రెండు చెప్పి తీరాలి. ఒకటి, కోతల కాలంలో ఊళ్ళ మధ్య రోడ్లు. నవంబరు, డిసెంబరుల్లో తారు రోడ్డు సగం మేర ధాన్యం ఆరబోసి ఉంటుంది. చీకటి పడగానే కుప్పలు చేసి, టార్పాలిన్ కప్పి, ఎగిరిపోకుండా అంచుల్లో రాళ్ళు పెడతారు. నల్లటి పట్టా, నల్లటి రోడ్డు, లైటు పడేదాకా కనిపించదు. రైతుకు ఆరబెట్టుకోవడానికి అంతకన్నా చోటు లేదు, తప్పు పట్టి లాభం లేదు. ఆ నెలల్లో చీకటి పడేలోపే మకాం చేరిపోవాలి. రెండోది సముద్రపు ఒడ్డు. కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవిలో సూర్యోదయం చూడాలని రాత్రి అక్కడే ఆగిపోదామనిపిస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడ్డ ఉప్పెన పది వేల మందికి పైగా ప్రాణాలు తీసింది. ఇప్పుడు హెచ్చరికలు రోజుల ముందే వస్తాయి గానీ, తుపాన్ల నెలలూ కారవాన్ నెలలూ కొంతవరకు ఒకటే. రాత్రి పైకొచ్చి పడుకుని, తెల్లవారుజామున నాలుగింటికి లేచి వెళ్ళండి.

ప్రభుత్వం ఏం చేస్తోందని అడుగుతారు. కేరళ 2021లో కారవాన్ విధానం తెచ్చి, పార్కు పెట్టాలంటే కనీసం 50 సెంట్లు, కనీసం 5 బండ్లకు చోటు ఉండాలంది. మొదటి 100 కారవాన్లకు ఏడున్నర లక్షలు లేదా పెట్టుబడిలో 15 శాతం సబ్సిడీ ఇస్తామంది. 50 సెంట్లంటే అర ఎకరం. అంత వాకిలి డెల్టాలో ఎన్ని మండపాలకుందో, ఎన్ని రైసు మిల్లులకుందో లెక్క కడితే కొత్తగా పార్కులు కట్టే ఖర్చు ఎందుకో నాకర్థం కాదు. 2016 ఆగస్టులో పన్నెండు రోజుల కృష్ణా పుష్కరాలకు విజయవాడలో పుష్కర నగర్‌లు వెలిశాయి. నీళ్ళు, కరెంటు, టాయిలెట్లు, కాపలా అన్నీ తాత్కాలికంగా అమర్చారు. మళ్ళీ కృష్ణా పుష్కరాలు 2028లో. ఈసారి వేసే కుళాయిలు, తూముల్లో పదోవంతు పీకేయకుండా ఉంచేసినా విజయవాడ నుంచి హంసలదీవి దాకా బండ్లు ఆగే చోట్లు సిద్ధమైపోతాయి.

అప్పటిదాకా ఫోనే దిక్కు. మండపం మేనేజరుకు మధ్యాహ్నమే చేయండి, రాత్రి ఎనిమిదింటికి గేటు దగ్గర హారన్ కొట్టి అడిగితే ఎవరూ ఒప్పుకోరు. "ఆదివారం రాత్రి ఒక్క బండండీ, నలుగురం, వంట బండిలోనే. పవర్ ప్లగ్గు ఉందాండీ? టాయిలెట్ సెప్టిక్ ట్యాంకుకేనా, కాలువకా?" కాలువకే అని చెబితే వేరే చోటు చూసుకోండి. ఆధార్ నకలు ముందే వాట్సాప్‌లో పంపితే కాపలాదారుకు ధైర్యం. చివరగా గేటు ఎత్తు అడగండి. కారవాన్లు 2.8 నుంచి 3.1 మీటర్ల ఎత్తుంటాయి, పైన ఏసీ పెట్టె ఉంటే ఇంకో జానెడు. కల్యాణ మండపాల ఆర్చీల్లో కొన్ని కార్లకే కట్టినవి, వీధి మలుపుల్లో సర్వీసు వైర్లు వేలాడుతుంటాయి. మేనేజరు కొలిచి చెప్పలేకపోతే ఒక్కటే ప్రశ్న: పెళ్ళివారి బస్సు లోపలికొస్తుందా, రోడ్డు మీదే ఆగుతుందా? లోపలికొస్తుందంటే మీ బండీ పడుతుంది.